అయిదు నెలల అక్క

పదకొండూ అయిదుకి తమ్ముణ్ణి లోపలికి పిలిచారు, తలుపు మూసుకుంది, ఇక ఆమెకు చెయ్యడానికేమీ లేదు, కూర్చోవడం తప్ప. కూర్చోవడం ఆమెకు చేతకాని పని. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చునే బతుకుతున్న మనిషికి కూర్చోవడం చేతకాదంటే ఎవరైనా నవ్వుతారు గానీ, అక్కడ కాళ్ళు తొక్కుతుంటాయి, చేతులు గుడ్డను తోస్తుంటాయి, కళ్ళు సూది వెంట పోతుంటాయి, కూర్చునేది ఒక్క నడుమే. ఇక్కడ ఈ ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో మనిషి మొత్తం కూర్చోవలసి వచ్చింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి గోడ మీది గడియారాన్ని చూస్తూ. ఆసుపత్రి మూడో అంతస్తు, విదేశీ రోగుల విభాగం, ఆ చివర లిఫ్టు, ఈ చివర కమిటీ గది, మధ్యలో బల్ల వెనక ముద్రలావిడ. ఆవిడ అసలు పేరు మెడలో కార్డు మీద ఉంది, కానీ ఆ లిపి చదవడం రాదు కనుక వచ్చిన రోజునే ఈ పేరు పెట్టేసింది. రబ్బరు ముద్ర మీద హుఫ్ఫుమని ఒక ఊదు ఊది, కాగితం మీద దబ్బున వేస్తుంది. ఆవిడ కోటు కుడి భుజం అర అంగుళం కిందికి జారింది, కొన్న కోటే, కుట్టించింది కాదు, పది నిమిషాలు తన చేతికిస్తే సరిచేసి ఇచ్చేది. అలా సరిచెయ్యగలిగిన పని ఏదైనా ఒకటి ఈ వరండాలో ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

లోపల ముగ్గురున్నారట, ఒక డాక్టరు, ఒక ప్రభుత్వ అధికారి, వాళ్ళిద్దరికీ పైన ఒక నెరిసిన జుట్టు పెద్దావిడ. వాళ్ళు తేల్చవలసింది ఒక్కటే, కిడ్నీ ఇస్తానంటున్న ఈ ఆడమనిషి, పుచ్చుకోబోతున్న ఆ మగమనిషికి నిజంగా అక్కేనా అని. అక్కే అంటే వచ్చేవారం ఆపరేషన్. కాదంటే ఇంకో పదకొండు రోజుల్లో వీసా గడువు తీరిపోతుంది, ఇద్దరూ సర్దుకుని వచ్చినదారినే పోవాలి, పోతే అక్కడ ఆ ఆపరేషన్ చేసేవాళ్ళు లేరు, ఉన్న నాలుగు డయాలసిస్ మిషన్లలో రెండు ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటాయి. ఏడాది అన్నాడు అక్కడి డాక్టరు. అని ఏడు నెలలైంది. పన్నెండులోంచి ఏడు పోతే ఎంతో ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు, అయినా ఆమె రోజూ పొద్దున్నే ఆ లెక్క మళ్ళీ చేస్తుంది, ఎప్పుడైనా ఇంకోలా వస్తుందేమోనని. రాదు. అందుకని ఆరు నూరైనా నూరు ఆరైనా ఈ తలుపు దాటి వెళ్ళి, నేను వాడి అక్కనే అని ఒప్పించి రావాలి, అంతే, రెండో మాట లేదు. ఒప్పించడం ఇంత కష్టమవుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. వీసా కిటికీ దగ్గర చెవులు కనబడేలా ఫొటో తీసుకు రమ్మన్నారు, తెచ్చింది, నవ్వకూడదన్నారు, అప్పటికి నవ్వే ఓపికా లేదు. వేలిముద్రల మిషను మీద ఎడమ చూపుడువేలు పెడితే సూదులు పొడిచి పొడిచి గట్టిపడ్డ ఆ వేలిని అది మూడుసార్లు కాదంది, నాలుగోసారి అక్కడివాడు తడిగుడ్డతో తుడిచి తనే నొక్కి పట్టుకున్నాడు. విమానం దిగినచోట ఒకసారి, విదేశీయుల నమోదు కార్యాలయంలో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, నువ్వు నువ్వేనా, నువ్వు నువ్వేనా అని. చివరికి మణికట్టుకు పట్టీ వేశారు, తమ్ముడికి పసుపు, తనకు నీలం. నీలం అంటే దాత. అక్క అన్నదానికి రంగు లేదు.

వాళ్ళ తప్పు కూడా లేదు, ఆ మాట తను ఒప్పుకుంటుంది. చుట్టమని చెప్పి ఎవరో పేదవాణ్ణి వెంటబెట్టుకొచ్చి కిడ్నీ కోయించుకుపోయేవాళ్ళున్నారట, అందుకని ఇక్కడ పరాయి దేశంవాళ్ళకు రక్తసంబంధం రుజువైతేనే కత్తి పట్టుకుంటారు. మంచిదే. సంబంధం ఉందని ఊరి అధికారి ఇచ్చిన పత్రం ఉంది, మూడు సంతకాలు, గుండ్రటి సీలు, దాని అనువాదం, అనువాదం సరైనదేనని ఇంకో సీలు. అన్నీ సరిపోయాయి. నిన్న పొద్దున ముద్రలావిడ వాళ్ళిద్దరి పాసుపోర్టులూ మొదటిసారి పక్కపక్కన పెట్టేదాకా అన్నీ సరిపోయాయి. ఆవిడ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చూసింది, పెదాలు కదిపింది, వేళ్ళు మడిచింది, జూన్, జూలై, ఆగస్టు. మళ్ళీ మడిచింది. ఆమె జూన్ పది. తమ్ముడు నవంబరు పది. ఒకే ఏడు. ఊదిన ముద్రను అలాగే గాలిలో పట్టుకుని ఆవిడ తలెత్తి ఆమె మొహంలోకి చూసిన చూపు, అబ్బ, ఏ భాషలోనైనా ఒకటే, ఒక తల్లికి అయిదు నెలల తేడాతో ఇద్దరెలా పుట్టారమ్మా అని. ఆ క్షణంలో ఆమె చేసిన పని తలచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. తను కూడా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

ఆ తర్వాత ఫైళ్ళాయన వచ్చాడు. ఊళ్ళో ఏజెన్సీవాళ్ళు రోగుల్ని ఇక్కడికి పంపితే, ఇక్కడ దిగినప్పట్నుంచీ వెంట తిరిగేది ఈయనే, చంకలో ఎప్పుడూ మూడు ఫైళ్ళు, నోట్లో ఎప్పుడూ తొందర. విషయం విని ఆయన కంగారు కూడా పడలేదు, అదే ఆమెకు ఒళ్ళుమండించింది.

"దానికంత ఆలోచనెందుకమ్మా. మీ నాన్నగారికి ఇద్దరు భార్యలని చెప్పండి. పెద్దావిడ కూతురు మీరు, చిన్నావిడ కొడుకు ఆయన. సవతి తోబుట్టువులకి కూడా ఒప్పుకుంటారు. వారానికొక కేసు ఇలాగే నడుస్తుంది."

"మా అమ్మ ఒక్కతేనండీ."

"నేను కాదన్నానా? కాగితం కోసం."

కాగితం కోసం. నాన్నకు ఇద్దరు పెళ్ళాలట. ఉన్న ఒక్కదానికే రెండో చీర కొనిపెట్టలేక, పండిన జుట్టుతో మిల్లు గేటు దగ్గర నిలబడి ఆవిడ డ్యూటీ దిగేదాకా చూసే మనిషికి ఇద్దరు. ఈ మాట నాన్న వింటే ముందు భయపడేవాడు, తర్వాత కాస్త గర్వపడేవాడు కూడానేమో. అమ్మ అయితే చెప్పిన నోటి మీద ఒక్కటిచ్చేది. ఇద్దరూ లేరు ఇప్పుడు, ఎవరు ఎవరి కడుపున పుట్టారో కళ్ళారా చూసినవాళ్ళు, ఇంట్లో పురుడు పోసిన ముసలమ్మతో సహా ఒక్కరూ లేరు. లేనివాళ్ళ మీద ఏం చెప్పినా అడిగేవాళ్ళుండరు, నిజమే, అదే కదా చెప్పకూడనిది కూడా. పైగా లోపల ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారట. ఒకటికి రెండబద్ధాలు కలవాలి, రెండో తల్లి పేరేంటి, ఏ వీధిలో ఉండేది, ఏ జబ్బుతో పోయింది. నిజానికైతే ముందుగా కూడబలుక్కోనక్కరలేదు. వద్దండీ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను అంది. ఫైళ్ళాయన ఫైళ్ళు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్తే ఇక్కడ ఎవరూ నమ్మరమ్మా అని వెళ్ళిపోయాడు. పదకొండూ ఇరవై. లోపల్నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వచ్చి ఆగిపోయింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ఆ రోజు దగ్గర మొదలుపెట్టాలి, వాన వెలిసిన పొద్దు, బడి వరండా నిండా బురద పాదాలు, నాన్న ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో తన రెక్క, తన చంకలో వీడు. అప్పుడు తనకు ఎనిమిది. బడికి ఆరేళ్ళకే పోవలసింది, కానీ అమ్మ మిల్లుకు పోతే వీణ్ణి ఎవరు చూస్తారు, వీడికి అయిదొచ్చేదాకా ఆగు అన్నారు, ఆగింది. వీడికి అయిదొచ్చింది. అయిదొచ్చినా చంక దిగడు, అది పక్కన లేకపోతే వీడు కూర్చోడు మాస్టారూ, ఇద్దర్నీ ఒకే తరగతిలో వెయ్యండి అన్నాడు నాన్న. ఆరు దాటినవాళ్ళను ఒకటో తరగతిలో చేర్చుకోకూడదని అప్పుడే ఏదో కొత్త రూలు వచ్చింది. మాస్టారు కలం చివర కొరుకుతూ ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు, తిండి సరిగ్గా లేక ఎలాగూ ఎనిమిదేళ్ళదానిలా లేదు, పిల్ల చిన్నదిగానే ఉందిలే అన్నాడు, దాన్నీ ఈ ఏడులోనే వేసేద్దాం, కాకపోతే అక్క కనుక కాస్త ముందు నెలలో. జూన్ పది. నవంబరు పది. ఆయనకు పది మీద ఎందుకో ప్రేమ, ఆ బడిలో చేరిన సగం మంది పదో తారీఖునే పుట్టారు. మాస్టారు పెళ్ళి కాని మనిషి, లెక్కల్లో దిట్ట, చక్రవడ్డీ నోటితో చెప్పేవాడు. ఒక్క ఈ లెక్కే ఆయనకు తట్టలేదు, తట్టవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ పడలేదు. నాన్నకైనా తట్టొద్దూ, ఇద్దరు పిల్లల తండ్రి. నాన్న ఆ వేళ గొడుగు ఎక్కడ ఆరబెట్టాలా అని చూస్తున్నాడు. పెద్దయ్యాక తనకైనా తట్టలేదు, పాసుపోర్టు చేయిస్తున్నప్పుడు మూడేళ్ళు తగ్గాయని లోలోపల కాస్త మురిసింది కూడా. తిలా పాపం తలా పిడికెడు.

ఇప్పుడు కూర్చుని చూస్తుంటే అసలు సంగతి తెలుస్తోంది, ఇన్నాళ్ళూ తెలియంది. వాణ్ణి ఎత్తుకుని బడికి పోయినందుకే కాగితం మీద తను వాడి అక్క కాకుండా పోయింది. ఎత్తుకోకుండా ఆరేళ్ళకే పలక పట్టుకుని తన దారిన తను పోయుంటే తేదీలు చక్కగా మూడేళ్ళ తేడాతో పడేవి, ఈ ముద్ర ఈపాటికి దబ్బున పడి ఉండేది. అయిదేళ్ళు చదివారు అలా, ఒకే బల్ల, వీడు తన తొడ మీద పడి నిద్రపోతే తిమ్మిరెక్కిన కాలు కదపకుండా గుణింతాలు రాసింది. వీడి పలక తనే తుడిచింది, వీడి ముక్కు తనే తుడిచింది. అయిదో తరగతి అయిపోయాక నాన్న అన్నాడు, వాడికి దారి తెలిసిందిగా, ఇంకా నువ్వెందుకు. అంతే. వాడికి దారి తెలిసింది కనుక ఆమె చదువు ఆగిపోయింది, మర్నాటి నుంచి దర్జీ కొట్లో కాజాలు కుట్టడం. కోపం రాలేదా అంటే వచ్చింది, వాడి మీద కాదు అనుకుంది అప్పుడు, కొంచెం వాడి మీద కూడా అని ముప్ఫై దాటాక ఒప్పుకుంది. ఆ కోపమే ఇప్పుడు కూడా మధ్యమధ్య లోపల్నుంచి అడుగుతుంటుంది, మళ్ళీ చంకనెత్తుకుంటున్నావా, నలభై దాటాక కూడా, ఈసారి ఒళ్ళు కోసుకుని. భర్త బస్సు కండక్టరు, మాట తక్కువ. నేను వద్దంటే మానేస్తావా అన్నాడు. మానను అంది. మరి నన్నెందుకు అడుగుతున్నావు అని టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని డ్యూటీకి పోయాడు. అది సమ్మతే, ఆయన పద్ధతిలో.

కానీ మొన్న జరిగినదొకటి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడి డాక్టరమ్మ ఆమెను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి, దుబాసీ పిల్ల చేత మెల్లగా అడిగించింది. ఎవరైనా బలవంతం చేస్తున్నారా మిమ్మల్ని? మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, రక్తం కలవలేదని మేమే రాసేస్తాం, మీ తమ్ముడికి కూడా తెలియదు, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఆమె నోరు తెరుచుకుని చూసింది. ఇంత పెద్ద ఆసుపత్రి, ఇంతమంది తెల్లకోట్లు, తన కోసం అబద్ధమాడటానికి సిద్ధంగా ఉన్నారు. ఎనిమిదేళ్ళప్పుడు ఎత్తుకుంటావా అని ఎవరూ అడగలేదు. అయిదో తరగతిలో ఆపేస్తాం, సరేనా అని ఎవరూ అడగలేదు. పెళ్ళికి అడిగారు, జవాబు వినకుండా. ముక్కూమొహం తెలియని పరాయి దేశంలో, తను అసలు తనేనా అని ఇన్నిసార్లు అనుమానించినవాళ్ళే, నీకు ఇష్టమేనా అని అడిగిన మొదటివాళ్ళు. ఇష్టమే అంది. దుబాసీ పిల్ల చెప్పేలోపే ఇంకోసారి అంది. ఆ మాట బయటికి వచ్చాక, లోపల్నుంచి అడిగే ఆ కోపం ఇక నోరెత్తలేదు. చంకనెత్తుకోవడం వేరు, ఇది వేరు, ఇది తను ఇస్తోంది.

పదకొండూ ముప్ఫై అయిదు. ఏం చెప్తున్నాడు ఇంతసేపు లోపల. లిఫ్టు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంటూ కీచుమంది, వీడుంటే ఈపాటికి గోడకు అరచెయ్యి ఆనించి పట్టాలకు గ్రీజు చాల్లేదని చెప్పేవాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పదహారంతస్తుల గొయ్యిలోకి తాడు పట్టుకుని దిగేవాడు, ఇప్పుడు రెండు మెట్లెక్కితే రొప్పుతాడు. వాడి ఎడమ ముంజేతిలో డయాలసిస్ కోసం రెండు నరాలు కలిపి కుట్టారు, అక్కడ చెయ్యి వేస్తే లోపల ఏదో మోటారు తిరుగుతున్నట్టు ఎప్పుడూ సన్నగా అదురుతుంటుంది. బస్సులో, విమానంలో, వాడు కళ్ళు మూసుకున్నప్పుడల్లా తను అక్కడ రెండు వేళ్ళు ఆనించి చూస్తుంది. నిన్న సాయంత్రం పాసుపోర్టులు జిరాక్సు తీయించడానికి ఎదుటి షాపుకు వెళ్ళారు. అద్దం మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తీసిన కాగితాన్ని వీడు చేతిలోకి తీసుకుని చదివి, అక్కా, అమ్మ మనల్ని అయిదు నెలలకొకళ్ళని కనిందా అని నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు లిఫ్టు గోడ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. నీరసమేమో అనుకుంది. ఇవాళ పొద్దున శుభ్రంగా గడ్డం గీసుకుని, తను కుట్టిన నీలం చొక్కా వేసుకుని, ఇప్పుడది వాడికి రెండు సైజులు పెద్దది, నువ్వు చెప్పేది నువ్వు చెప్పు, నేను చెప్పేది నేను చెప్తాను అన్నాడు. ఫైళ్ళాయన వీణ్ణి పట్టుకుని ఇద్దరు భార్యల కథ నూరిపోశాడేమోనని అప్పటినుంచీ బెంగ. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా. వీడు ఏ పిచ్చి అబద్ధమాడినా సరే, తను మాత్రం బడి దగ్గర మొదలుపెట్టి ఉన్నదంతా చెప్తుంది. తమ్ముడు అబద్ధమాడాడని అక్క నోటితోనే చెప్పాల్సి వస్తే అదీ చెప్తుంది.

పన్నెండుకు పది నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికొచ్చాడు. ఆమె లేచి నిలబడింది, వాడు ఆమె భుజం పక్కనుంచి, మొహం చూడకుండా, నేల మీది గళ్ళు లెక్కపెడుతున్నవాడిలా నడుచుకుంటూ లిఫ్టు దగ్గరున్న బెంచీ దాకా వెళ్ళి కూర్చున్నాడు. వెనక వెళ్ళబోయింది. ముద్రలావిడ చెయ్యి అడ్డం పెట్టి తలుపు చూపించింది.

గది చిన్నది. పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు, ఇవతల ఒక కుర్చీ, పక్కన మొన్నటి దుబాసీ పిల్ల. పెద్దావిడ జాకెట్టు చేతులు చక్కగా కుట్టించినవి, కుట్టినవాడు పనిమంతుడు, ఆ సంగతి చూడగానే ఆమెకు ఎందుకో ధైర్యం వచ్చింది. తేదీల గురించి అడిగారు. ఆమె మొదలుపెట్టింది, వాన, గొడుగు, మాస్టారు, పది మీద ఆయన ప్రేమ. దుబాసీ పిల్ల చెప్తుంటే ప్రభుత్వ అధికారి మీసం చాటున నవ్వుకున్నాడు. పెద్దావిడ నవ్వలేదు. అంతా విని, ముందున్న కాగితం మీద వేలు పెట్టి నాలుగు మాటలు చెప్పింది. దుబాసీ పిల్ల ఆమె వైపు తిరిగింది.

"మీరు తమ్ముడంటున్న ఆయన, మీరు తన అక్క కారని చెప్పారండీ. పక్కింటి అమ్మాయట. చిన్నప్పట్నుంచీ వాళ్ళింట్లో తిరిగి, అక్కా అని పిలవడం అలవాటైందట. తేదీలు చూడండి అని కాగితం కూడా తీసి చూపించారు."

పక్కింటి అమ్మాయి. తొడ మీద తిమ్మిరి, తుడిచిన ముక్కు, ఆగిపోయిన చదువు, అన్నీ పక్కింటివి. చాలా నొప్పేసింది, ఎంత నొప్పంటే, బల్ల అంచు పట్టుకుంది. ఆ నొప్పి మెల్లగా దిగుతుంటే దాని అడుగునుంచి ఇంకొకటి పైకి తేలింది. ఇద్దరు భార్యల కథ చెప్పుంటే కమిటీ ఒప్పుకునేది. వాళ్ళు ఒప్పుకోని కథను వీడు ఏరుకున్నాడు. పరాయివాళ్ళ కిడ్నీ ఇక్కడ తీసుకోరు, ఆ సంగతి వాడికి తెలుసు. జిరాక్సు షాపులో కాగితం మడతపెట్టి జేబులో వేసుకున్నది అందుకు. లిఫ్టు తలుపుల మధ్య కర్ర అడ్డం పెట్టినట్టు, చక్కగా పనివాడిలా, ఆమె దారికి అడ్డంపెట్టి వెళ్ళిపోయాడు.

"ఆ మాట చెప్పేటప్పుడు మీ మొహాలు చూశాడా?"

ఆమె ప్రశ్నను దుబాసీ పిల్ల వాళ్ళ భాషలో అడిగింది. పెద్దావిడ గుర్తుచేసుకుని జవాబు చెప్పింది.

"చూడలేదట. బల్ల వంక చూస్తూ చెప్పారట. కానీ ఆయన అబద్ధం ఎందుకు చెప్తారని అడుగుతున్నారు. పోయేది ఆయన ప్రాణమే కదా అని."

"నా ప్రాణానికి భయపడ్డాడమ్మా. వాడికి పుట్టినప్పట్నుంచీ అబద్ధం చేతకాదు. రక్తం తీసుకోండి, నాదీ వాడిదీ. కాగితాలు అబద్ధమాడినా అది ఆడదు కదా."

వాళ్ళు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. రక్తసంబంధం తేల్చే పరీక్ష ఉంది. పద్దెనిమిది రోజులు పడుతుంది. వీసా పదకొండు రోజులే ఉంది. పొడిగించాలంటే కమిటీ లేఖ ఇవ్వాలి. ఇవ్వగలం, కానీ రోగి తనకు ఈ చికిత్స కావాలని తన నోటితో చెప్పాలి. మీ కిడ్నీ తనకు వద్దని కూడా ఆయన చెప్పారు. వద్దన్న మనిషికి మేమేమీ చెయ్యలేం. మీకు ఇష్టమేనా అని మిమ్మల్ని అడిగినట్టే ఆయన్నీ అడగాలి.

అది న్యాయమే. ఒప్పుకోక తప్పనంత న్యాయం. ఆమెకు ఉన్నట్టుండి తట్టింది, తను వాణ్ణి అడగలేదు. చెప్పింది. ఆసుపత్రి వెతికింది, ఏజెన్సీని పట్టుకుంది, ఫొటోలు తీయించింది, పెట్టె సర్దింది, పద అంది. నీ ఇష్టం అక్కా అన్నాడు. ఆ మాటనే సమ్మతి అనుకుంది. పెళ్ళిలో తనను అడిగినట్టే, జవాబు వినకుండా.

"పది నిమిషాలు ఇవ్వండి," అంది.

వాడు బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

"పరాయిదాన్నట కదా."

వాడు లిఫ్టు తలుపుల వంకే చూస్తున్నాడు.

"సరే, పరాయిదాన్నే. నువ్వు ఇంటికి పో. నేను ఈ బెంచీ మీంచి లేవను. పన్నెండో రోజు పోలీసులొచ్చి తీసుకుపోతారు, వీసా లేకుండా ఉన్నానని. పక్కింటిదానికి ఏమైతే నీకేం."

వాడి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వాడికీ తెలిసినట్టు లేదు.

"నీకు ఇద్దరు పిల్లలక్కా. రేపు నీకే ఏదన్నా అయితే? ఉన్న ఒక్కటీ పాడైతే? నొప్పి కూడా చాలా ఉంటుందంట, దాతకే ఎక్కువంట."

"ఉంటుంది. నాకు చెప్పారు. అన్నీ చెప్పారు, అన్నీ విని సరేనన్నాను. నన్ను బలవంతపెట్టినవాళ్ళు లేరు. ఉంటే తప్పించుకునే దారి కూడా చూపించారు, నేనే పోలేదు." ఆమె ఆగింది. తర్వాతి మాట అనడం అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే అన్నాక జవాబు వినాలి, ఏదైనా సరే వినాలి. "నా సంగతి వదిలెయ్. నీ సంగతి నేనెప్పుడూ అడగలేదు, తప్పే. ఇప్పుడు అడుగుతున్నా. నా కోసం కాదు, మీ ఆవిడ కోసం కాదు, నీ పిల్లదాని కోసం కాదు. నీకు కావాలా వద్దా? వద్దంటే పెట్టె సర్దుతా. ఒట్టు, ఇంకో మాట అనను."

అనగలదా. అనకుండా ఉండగలదా. పెట్టె సర్ది, ఆ అయిదు నెలలూ రోజూ వాడి చేతి మీద రెండు వేళ్ళు ఆనించి, ఒక్క మాట అనకుండా. ఉంటుంది. మాటిచ్చింది కనుక ఉంటుంది. లిఫ్టు వచ్చింది, ఎవరో దిగారు, తలుపులు కీచుమని మూసుకున్నాయి. వాడు మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు. ఆమె పట్టుకోబోయి మానుకుంది. కమిటీ గది వైపు నడిచాడు, మధ్యలో ఒకచోట గోడ పట్టుకుని ఆగి, మళ్ళీ నడిచాడు. తలుపు కొట్టాడు. లోపలికి వెళ్ళి దాన్ని వెయ్యడం మరిచిపోయాడు, లేక వెయ్యలేదు.

ఆమె తలుపు దాకా వెళ్ళి గోడ పక్కన నిలబడింది. పెద్దావిడ గొంతు, తర్వాత దుబాసీ పిల్ల గొంతు.

"గంట కింద ఒకటి చెప్పారు, ఇప్పుడు ఇంకొకటి చెప్తున్నారు. ఏది నమ్మాలని అడుగుతున్నారు."

"అది ఆమె కోసం చెప్పిందండీ." రొప్పు వినబడింది. "ఇది నా కోసం. ఆమె మా అక్కే. నాకు... నాకు బతకాలనుందండీ. చాలా ఉంది."

ఆమె చేతులు రెండూ గోడకు ఆనించి తలవంచుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చీర కొంగు అందలేదు, నీలం పట్టీ ఉన్న మణికట్టుతోనే తుడుచుకుంది. ఆ తర్వాత ముద్రలావిడ బల్ల దగ్గరికి వెళ్ళి, వేలితో గాలిలో కాగితమంత చదరం గీసి, మిగిలిన పదకొండు రోజులూ వేళ్ళతో లెక్కపెట్టి చూపించి, వీసా పొడిగించే ఫారాలు రెండు అడిగింది.